బండిని బాగు చేసుకుంటున్నాం, బాటను ఎవరు బాగు చేస్తారు?

ఇప్పుడు ఏ ఊరికి పోయినా నాలుగైదు రైతుల ఇండ్ల ముందు పాత ట్రాలీ కనబడుతోంది. బొలెరో పికప్ కావచ్చు, టాటా ఏస్ కావచ్చు, దోస్త్ కావచ్చు. కొత్తది కొనే తాహతు లేదు, ప్రతి పంటకూ కిరాయి పెట్టుకునే ఓపిక లేదు. అందుకే ఏడెనిమిదేండ్లు తిరిగిన బండిని తెచ్చుకుంటున్నాం. పొద్దున పాలక్యాన్లు, కూరగాయలు, పగలు యూరియా బస్తాలు, కాలిపోయిన మోటారు, కోతల కాలంలో వడ్లు, పత్తి, రాత్రిపూట ఎవరికైనా పానం బాగలేకపోతే పెద్దపల్లి దవాఖాన. అన్నిటికీ అదే బండి. పొలంబాట మీద ఎడ్లబండి పని చేయాలి, తారురోడ్డు మీద కారు పని చేయాలి.

రైతు సంఘం పత్రికలో బండ్ల ముచ్చట ఎందుకని కొందరు అడుగుతారు. ఎందుకంటే భూమి, బోరు తర్వాత చాలా ఇండ్లల్లో ఒక్కసారిగా పెట్టే పెద్ద ఖర్చు ఇదే. అప్పు కూడా దీని మీదే అవుతోంది. ఇంకో కారణం, మా కమిటీ సభ్యులం నలుగురం కలిసి మూడేండ్ల కింద ఒక పాత పికప్ కొన్నాం. చేయగూడని తప్పులు రెండు చేశాం. అవి మీరు చేయవద్దని రాస్తున్నాం.

కొనేముందు

మన దిక్కు పాత బండి అంటే ముందు అడగవలసింది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని కాదు, ఏం తోలిందని. మన జిల్లాలో ఇటుక బట్టీలున్నాయి, రామగుండంలో కరెంటు ప్లాంటు బూడిద ఉంది, గోదావరిఖని దిక్కు బొగ్గు ఉంది, మానేరులో ఇసుక ఉంది. ఈ సరుకులు తోలిన బండి మీటరు తక్కువే చూపినా నడుము ఇరిగి ఉంటుంది. పాలు, కిరాణా సరుకు, కూరగాయలు తోలిన బండి మీటరు ఎక్కువ చూపినా చాలాసార్లు గట్టిగానే ఉంటుంది.

ఆనవాళ్లు దాచినా దాగవు. బండి కిందికి దూరి ఛాసిస్ మీద వెల్డింగ్ అతుకులు ఉన్నాయేమో చూడాలి, ముఖ్యంగా క్యాబిన్ వెనక, కమాన్ పట్టీలు తగిలే చోట. కొత్తగా నల్లరంగు పూసి ఉంటే అక్కడే గీకి చూడాలి. పట్టీల కట్టలో ఒకటి రెండు కొత్తవి కలిపి ఉంటే ఆ బండి ఓవర్‌లోడు మోసిందని అర్థం. టైర్లు ఒక పక్కే అరిగితే ముందు భాగం అలైన్‌మెంట్ పోయినట్టే. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. ముందే వేడిచేసి పెట్టిన బండిని చూసి మోసపోవద్దు. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ తాగుతోందని తెలుసుకోవాలి. రేడియేటర్ నీళ్ల మీద జిడ్డు తేలితే ఆ బేరం వదులుకోవడమే మంచిది. మన ఊరి మెకానిక్‌ను వెంట తీసుకపోతే ఒక రోజు కూలి ఇయ్యవలసి వస్తుంది, అది మిగులే తప్ప ఖర్చు కాదు.

కాగితాల విషయంలో మనం ఇంకా నిర్లక్ష్యంగా ఉంటున్నాం. ఆర్‌సీ మీది ఛాసిస్ నంబరు, బండి మీద కొట్టిన నంబరు ఒకటేనా చూడాలి. ఫైనాన్స్ బాకీ తీరిందని కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 లేకుండా పైసలు ఇయ్యవద్దు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలైనంక పేరు మార్పిడి వెంటనే చేయించుకోవాలి. అమ్మేటాయన కూడా దీన్ని పట్టించుకోవాలి. బండి చేతులు మారినా ఆర్‌సీలో పేరు మారకపోతే, ప్రమాదం జరిగితే నష్టపరిహారం భారం ఆర్‌సీలో పేరున్న మనిషి మీదే పడుతుందని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. మనలో ఎంతమంది పాత బండ్లను అమ్మి, 'ఆయనే మార్చుకుంటడులే' అని ఊకున్నారో ఒకసారి గుర్తుచేసుకోండి.

ఒక భయం మాత్రం తీరింది. కారు లైసెన్సుతో పసుపు ప్లేటు బండి నడిపితే బీమా రాదని అనేవారు. లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు ఉన్న మనిషి 7,500 కిలోల లోపు రవాణా బండిని వేరే అనుమతి లేకుండానే నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తీర్పు ఇచ్చింది. సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని బండికి పర్మిట్ కూడా అక్కర్లేదు. దాటితే కావాలి. ఏ మోడల్ కొంటున్నామో ఆర్‌సీలో ఆ బరువు చూసుకున్నాకే బేరం కుదుర్చుకోవాలి.

నూటికి రూపాయే అంటారు

పాత బండికి బ్యాంకులు అంత తొందరగా అప్పు ఇయ్యవు. ప్రైవేటు ఫైనాన్స్ వాళ్లు ఇస్తారు. 'నూటికి రూపాయే వడ్డీ' అంటే మనకు తక్కువనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. 3 లక్షల అప్పు, మూడేండ్ల గడువు. ఏడాదికి 36,000 చొప్పున మూడేండ్లకు 1,08,000 వడ్డీ ముందే కలిపి, 36 కిస్తీలుగా పంచుతారు. నెలకు 11,333 రూపాయలు. కానీ మనం నెలనెలా అసలు తీరుస్తూనే ఉన్నాం. తీర్చిన అసలు మీద కూడా ఆఖరి నెల దాకా వడ్డీ కడుతున్నాం. నిజానికి ఏడాదికి పడే వడ్డీ 12 శాతం కాదు, దాదాపు 21 శాతం. అందుకే అప్పు అడిగేటప్పుడు 'తగ్గే బాకీ మీద ఎంత శాతం?' అన్న ఒక్క ప్రశ్న అడగాలి. ఇంకో మాట. మన పంట ఆరునెలలకోసారి వస్తుంది, కిస్తీ నెలనెలా వస్తుంది. పాలు, కూరగాయల వంటి రోజువారీ రాబడి లేని రైతు ఒంటిగా ఈ అప్పు నెత్తికెత్తుకోవద్దని మా సలహా. నలుగురు కలిసి కొంటే భారం తగ్గుతుంది. డీజిల్, రిపేరు, ఎవరి వంతు ఎప్పుడు అన్నవి మాత్రం కాగితం మీద రాసుకోవాలి. లేకుంటే బండితో పాటు స్నేహం కూడా పోతుంది.

పొలంబాటకు తయారు చేయడం

బండి కొనంగనే మనోళ్లు చేసే మొదటి పని పట్టీలు కలపడం, డాలా ఎత్తు పెంచడం. మేము కూడా అదే చేశాం. వెనక కమాన్లకు రెండేసి పట్టీలు కలిపి, ఇక ఎంతైనా మోస్తుందనుకున్నాం. ఆ యాసంగి కోతల్లోనే కాలువ కట్ట మీద ఒక గుంతలో పడి ఛాసిస్‌కు చీలిక వచ్చింది. పట్టీ కలిపితే బండి వంగకుండా ఉంటుంది, అంతే. బ్రేకులు అవే, యాక్సిల్ అదే, ఛాసిస్ అదే. వంగకపోవడం వల్ల బరువు ఎక్కువైందన్న సంగతి మనకు కనబడకుండా పోతుంది. అది మొదటి తప్పు.

పైసలు పెట్టవలసింది ముందుగా బ్రేకుల మీద, తర్వాత టైర్ల మీద. వెనక టైర్లు లోతు గాళ్లు ఉన్నవి వేసుకుంటే బురదలో పట్టు దొరుకుతుంది. నున్నగా అరిగిన టైరుతో రేగడి పొలం దిక్కు పోతే ట్రాక్టర్‌ను పిలిపించుకోవడమే. ఈ బండ్లకు ఎక్కువగా వెనక చక్రాలకే పవర్ ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం తేలికై చక్రం ఊరికే తిరుగుతుంది. నాలుగు బస్తాల బరువు వెనక పెట్టుకుంటే చాలాసార్లు బయటపడుతుంది. దిగబడినప్పుడు రేస్ ఇస్తే చక్రం ఇంకా కిందికి తవ్వుకుంటుంది. టైర్లలో గాలి కొంత తగ్గించి, ముందు గోనెసంచులో, రెండు చెక్కలో వేసి మెల్లగా తీయాలి. తారురోడ్డు ఎక్కంగనే గాలి మళ్లీ నింపాలి. తక్కువ గాలితో లోడు మీద ఉరికితే టైరు వేడెక్కి పగులుతుంది. గాలికొట్టే పంపు, జాకీ, జాకీ కింద పెట్టే వెడల్పు చెక్క, మంచి స్టెప్నీ, గట్టి తాడు, పార, టార్చిలైటు, ఇవి సీటు వెనక ఎప్పుడూ ఉండాలి. వీటికయ్యే ఖర్చు ఒక పట్టీల కట్ట ఖర్చు కంటే ఎక్కువ కాదు.

వానకాలం ఒర్రె దాటేటప్పుడు తొందరపడొద్దు. నీళ్లు చక్రం నడిమి దాకా వస్తే ఆగిపోవాలి. ఇంజన్‌లోకి గాలిగొట్టం గుండా నీళ్లు పోతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఇంజన్ మొత్తం విప్పవలసి వస్తుంది. పారే నీళ్లు బండిని పక్కకు నెట్టేస్తాయి, అప్పుడు పోయేది ఇంజన్ ఒక్కటే కాదు. దాటినంక మెల్లగా పోతూ బ్రేకు రెండు మూడుసార్లు నొక్కి ఆరబెట్టాలి. యూరియా, పొటాష్ తోలిన రోజు ట్రాలీ కడగకపోతే రేకు తినేస్తుంది. నెలకోసారి గ్రీజు కొట్టించాలి. రోజువారీ ప్రయాణం చేసే బండి కాబట్టి లైట్లు, ఇండికేటర్లు, వెనక ఎర్రటి రేడియం స్టిక్కర్లు చూసుకోవాలి. రాజీవ్ రహదారి మీద లారీల నడుమ చీకట్లో పోయే బండికి అవే ప్రాణం.

ఎన్ని బస్తాలు?

ఇది చేదు లెక్క. ఎకరానికి 24 క్వింటాళ్లు వచ్చాయనుకుందాం. 40 కిలోల బస్తాలు 60. ఒకటిన్నర టన్ను మోసే పికప్‌కు చట్టం ప్రకారం 37 బస్తాలు. 60 ఒకేసారి వేస్తే 900 కిలోలు ఎక్కువ. తేమ వడ్లయితే బస్తా ఇంకా బరువు. 'రెండు ట్రిప్పులు వేస్తే ఎట్ల గిట్టుబాటైతది' అని మా కమిటీలోనే వాదన జరిగింది. కొనుగోలు కేంద్రం ఐదు కిలోమీటర్లుందనుకుంటే రెండో ట్రిప్పుకు పది కిలోమీటర్లు, దాదాపు ఒక లీటరు డీజిల్. అంటే వంద రూపాయలకు అటూ ఇటూ, ఒక గంట కాలం. అదే పట్టీ ఇరిగితే, టైరు పగిలితే వేలల్లో పోతుంది. కోతల్లో మూడు రోజులు బండి షెడ్డులో ఉంటే, పొలంలో వడ్లు వానకు తడుస్తాయి. చట్టంలో 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడుకు జరిమానా 20,000, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000. ఇదంతా కలిపి చూస్తే రెండు ట్రిప్పులే చవక.

పత్తి, వరిగడ్డి బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. ఎత్తు పెరిగితే మలుపుల్లో బండి బోర్లపడుతుంది. పొలాల మీద వేలాడే కరెంటు తీగలు తగిలితే మంట అంటుకుంటుంది. తాడుతో బిగించి పైన పరదా కప్పడమే కాదు, బాటలో తీగలు ఎక్కడ కిందికి ఉన్నాయో ముందే చూసుకోవాలి. అవి సరిచేయమని కరెంటు ఆఫీసులో రాసి ఇయ్యాలి.

మనుషులను ఎక్కించుకోవడం

మా రెండో తప్పు ఇది. దీన్ని రాయడానికి సిగ్గుపడుతూనే రాస్తున్నాం. నాట్ల కాలంలో పద్నాలుగు మంది ఆడవాళ్లను ట్రాలీలో ఎక్కించుకొని పోతుంటే, పొలంబాటలో ఒక చక్రం కాలువలోకి జారి బండి పక్కకు ఒరిగింది. ఒక అక్క చెయ్యి ఇరిగింది. మిగతావాళ్లకు దెబ్బలు తగిలాయి. ప్రాణాలు పోలేదు, అది మా తెలివి వల్ల కాదు. దవాఖాన ఖర్చు, ఆమె రెండు నెలల కైకిలి మేమే పెట్టుకున్నాం. బీమా కంపెనీని అడగడానికి కూడా మొఖం లేదు.

సంగతి ఏమంటే, సరుకు బండిలో సరుకు యజమానికీ, ఆయన తరఫు మనిషికీ 1994 సవరణ తర్వాత బీమా రక్షణ ఉంది. లోడింగ్ హమాలీలను అదనపు ప్రీమియం కట్టి పాలసీలో చేర్పించుకోవచ్చు. కానీ కూలికి పోయేవాళ్లను ట్రాలీలో తీసుకపోతే వాళ్లకు బీమా కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. కొన్ని కేసుల్లో ముందు కంపెనీని కట్టమన్నా, ఆ సొమ్ము యజమాని దగ్గర వసూలు చేసుకొమ్మన్నారు. అంటే ఒక ప్రమాదంతో కూలి కుటుంబమూ మునుగుతుంది, రెండెకరాల రైతూ మునుగుతాడు.

2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర కూలీలను తీసుకపోతున్న ట్రాక్టర్ ట్రాలీ మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. దాదాపు అందరూ ఆడవాళ్లే. ఆ రోజు అందరం బాధపడ్డాం. ఆ తర్వాత నాట్లు వచ్చాయి, మళ్లీ ట్రాలీలోనే ఎక్కించుకున్నాం. ఇప్పుడు బీహార్ నుంచి నాట్లకు వస్తున్న తమ్ముళ్లను కూడా అట్లనే తీసుకపోతున్నాం. వాళ్లకేమన్నా అయితే ఇంటికి కబురు చెప్పేవాళ్లు కూడా ఉండరు.

మా మాట సూటిగా చెబుతున్నాం: సంఘం సభ్యుని ట్రాలీలో కూలీలను ఎక్కించవద్దు. 'మరి ఎట్ల పోవాలె' అంటే, పాసింజర్ ఆటో కిరాయి రైతు భరించాలి, కైకిలితో పాటు లెక్కవేసుకోవాలి. ఇక సర్కారు వంతు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు బస్సుల్లో టికెట్ లేదు. మంచిదే. కానీ కూలికి పోయే వేళకు, కూలికి పోయే ఊరికి బస్సు లేనప్పుడు ఆ ఉచితం కూలీ అక్కకు అక్కరకు రాదు. మంథని, గోదావరిఖని డిపోలు నాట్ల నెలలో, పత్తి ఏరే నెలల్లో తెల్లవారుజామున బస్సులు నడపాలని మేము అడుగుతున్నాం.

బాట సంగతి

ఇంత చేసినంక కూడా మిగిలేది బాట. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరులో మొదలైంది. మైదాన ప్రాంతాల్లో 500 జనాభా దాటిన ఆవాసాలకు రోడ్డు వేయడం దాని లెక్క. ఊరికి రోడ్డు వచ్చింది. ఊరి నుంచి పొలానికి రాలేదు. పండిన వడ్లు ఊళ్లో పుట్టవు, పొలంలో పుడతాయి. బండి పట్టీలు ఇరిగేది రాజీవ్ రహదారి మీద కాదు, పొలానికీ తారురోడ్డుకూ నడుమ ఉన్న ఆ ఒకటి రెండు కిలోమీటర్లలో. కూనారం పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన వరి రకం ఇయ్యాల ఎన్నో జిల్లాల్లో పండుతోంది. కానీ ఆ వడ్లు పండించే మన పొలాలకు బాట లేదు.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం పొలం నుంచి మార్కెట్‌కు పోయే రోడ్లను ఒక ప్రత్యేక తరగతిగా పెట్టుకుంది. 1949లో చట్టం చేసి ఏటా వాటికి నిధులు కేటాయించింది. అక్కడి బోర్డుల మీద ఈనాటికీ 'పొలం నుంచి మార్కెట్‌కు' అన్న గుర్తు ఉంటుంది. మనం అంత పెద్ద రోడ్లు అడగడం లేదు. మొరం పోసిన, రెండు బండ్లు ఎదురైతే తప్పుకునే జాగ ఉన్న, ఒర్రె మీద తూము వేసిన బాట అడుగుతున్నాం.

ఇందులో మన తప్పు కూడా ఉంది, దాచుకోవద్దు. ఊరి నక్షాలో ఉన్న బండ్ల బాటలను ఏటా ఒక సాలు చొప్పున దున్నుకుంటూ వచ్చింది మనమే. తాతల కాలంలో రెండు ఎడ్లబండ్లు పక్కపక్కన పోయిన బాటలో ఇప్పుడు ఒక ట్రాలీ కూడా పట్టడం లేదు. మనం ఆక్రమించిన బాటను సర్కారు బాగు చేయాలంటే ఎట్ల? ముందు ఊరంతా కూర్చొని నక్షా బాటను కొలిపించుకోవాలి. ఎవరు ఎంత కలుపుకున్నారో, వాళ్లంతట వాళ్లే వదలాలి. సంఘం నాయకుల పొలాలతోనే మొదలుపెడదాం.

అందుకే మా డిమాండ్లు ఇవి. ఒకటి, రెవెన్యూ శాఖ ప్రతి ఊరి నక్షా బాటలను సర్వే చేసి హద్దురాళ్లు పాతాలి. రెండు, ఎస్సారెస్పీ కాలువ కట్టల మీద బండ్లు పోయే చోట నీటిపారుదల శాఖ మొరం పోయించాలి, అంచులకు రక్షణ కట్టాలి. మూడు, మన పంట అమ్మకం మీద మార్కెట్ కమిటీలకు వస్తున్న ఫీజులో కొంత భాగాన్ని పొలంబాటలకు కేటాయించాలి. నాలుగు, కొనుగోలు కేంద్రాలను బాట ఉన్న చోట కాక, పొలాలకు దగ్గర ఉన్న చోట పెట్టాలి. ఐదు, పాత సరుకు బండికి చిన్న రైతులు ఉమ్మడిగా అప్పు అడిగితే సహకార సంఘాలు, బ్యాంకులు తగ్గే బాకీ మీద వడ్డీతో ఇయ్యాలి.

వచ్చే నెలలోపు ప్రతి గ్రామ కమిటీ తమ ఊరిలో ట్రాలీ పోలేని బాటల జాబితా రాయాలి. ఏ సర్వే నంబరు నుంచి ఏ సర్వే నంబరు దాకా, ఎన్ని గజాలు, ఎక్కడ తూము కావాలి, ఎన్ని కుటుంబాలు ఆ బాట మీద ఆధారపడ్డాయి, ఇంత రాస్తే చాలు. ముందు గ్రామసభలో తీర్మానం చేయించి, సోమవారం ప్రజావాణిలో కలెక్టరేట్‌లో అందరం కలిసి ఇద్దాం.

బండికి బ్రేకులు వేసుకోవడం, టైర్లు మార్చుకోవడం, పేరు మార్పిడి చేయించుకోవడం, మనుషులను ఎక్కించకపోవడం మన చేతిలో పని. అది మనం చేద్దాం. బాట వేయడం సర్కారు చేతిలో పని. దాన్ని చేయిద్దాం.